ఉపవాసం బాగానే చేయిస్తారు, పారణే చెడగొడతారు

నెల్లూరు పొలిమేర దాటాక ఒక మామిడితోటలో నడిచే ప్రకృతి వైద్య శిబిరం ఇది. ఐదు రోజులు ఉపవాసం, ఆరో రోజు మధ్యాహ్నానికి ఇంటికి. ఇద్దరుండే గదిలో మనిషికి 7,500 రూపాయలు. నిమ్మకాయలు, తేనె, మట్టిపట్టీ, తొట్టి స్నానం, మాలీషు అన్నీ అందులోనే. పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఈ ఒక్క తోటకే పరిమితం కావు, ఇదే అచ్చులో పోసిన శిబిరాలు చాలా ఉన్నాయి.

ముందే తేల్చి చెప్పేస్తే మంచిది. ఒంట్లో రోగమేమీ లేక, రోజూ మింగే మాత్రలేవీ లేనివాళ్లకు ఈ ఐదు రోజులు హాయిగానే గడుస్తాయి. షుగరుకో, బీపీకో మందులు వాడేవాళ్లు మాత్రం ఈ శిబిరం చేరేటప్పుడు నింపించే ఫారం మార్చుకునేదాకా అటు పోకపోవడమే మేలు. ఇక ఎవరైనా సరే, ఆరో రోజు పొద్దున పారణకు, అంటే ఉపవాసం విడవడానికి, వీళ్లు పెట్టే పలహారం ముట్టుకోవద్దు. దాని సంగతి తర్వాత.

ముందు గ్లాసు. 300 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో గూడూరు నిమ్మకాయ అరచెక్క పిండి, మూడు టీస్పూన్ల తేనె కలుపుతారు. పొద్దున ఆరింటికి మొదటిది, రాత్రి ఎనిమిదింటికి ఆఖరిది, మొత్తం ఆరు గ్లాసులు. సాయంత్రం నాలుగింటికి ఒక కొబ్బరిబోండం. గూడూరు, పొదలకూరు మార్కెట్లు పక్కనే ఉండబట్టి నిమ్మకాయలు తాజాగా, రసం ఊరుతూ ఉంటాయి. ఎండాకాలం రేటు పెరిగినప్పుడు అరచెక్క కాస్తా పావుచెక్క అవుతుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క చూద్దాం. టీస్పూను తేనె 7 గ్రాములు తూగుతుంది. గ్లాసుకు 21 గ్రాములు, ఆరు గ్లాసులకు 126. తేనెలో ఐదింట నాలుగు పాళ్లు చక్కెరే కాబట్టి రోజుకు 100 గ్రాముల పైచిలుకు చక్కెర లోపలికి పోతోంది. కేలరీల్లో చెప్పాలంటే సుమారు 380. బోండంతో మరో 60. అంటే 'ఏమీ తినకుండా' రోజుకు 440 కేలరీలు పడుతున్నాయి. దీనికి సరైన పేరు రసాహారం. అందులో తప్పేమీ లేదు. జర్మనీలో బూకింగర్ పద్ధతిలో చేయించే ఉపవాసం కూడా ఇలాంటిదే. అక్కడ పళ్లరసం, కూరగాయల చారు, కాస్త తేనె కలిపి రోజుకు 200 నుంచి 250 కేలరీలిస్తారు. ఆ పద్ధతి నడిపే క్లినిక్కు వాళ్లు 4 నుంచి 21 రోజులు ఉపవాసమున్న 1,422 మంది వివరాలను 2019లో ప్రచురించారు. బరువు, రక్తపోటు, చక్కెర తగ్గాయి, పెద్ద ఇబ్బందులు అరుదు. అయితే ఆ అధ్యయనం చేసింది ఆ క్లినిక్కు వాళ్లే. పోల్చి చూడటానికి మామూలుగా తిన్నవాళ్ల గుంపు అందులో లేదు. పైగా అక్కడ డాక్టర్లు పక్కనే ఉంటారు. మన మామిడితోటలో కేలరీలు దానికి దాదాపు రెట్టింపు, అవీ ముప్పాతిక పైగా తేనె చక్కెరే, చారు మాటే లేదు.

ఇంత తేనె వల్ల షుగరు లేనివాళ్లకు ప్రమాదమేమీ లేదు గానీ, ఉపవాసం కష్టమవుతుంది. రెండు మూడు గంటలకొకసారి తీపి పడుతుంటే ఇన్సులిన్ లేస్తూ పడుతూ ఉంటుంది. ఒళ్లు కొవ్వు కరిగించుకోవడానికి అలవాటు పడేలోపే మళ్లీ చక్కెర అందుతుంది. గ్లాసు తాగిన గంటకే కడుపు కాలిపోతోందని చాలామంది మొత్తుకునేది అందుకే. 'ఒక్క చెంచా చాలు' అని వడ్డించే అమ్మాయికి చెబితే అలాగే కలిపిస్తుంది. మూడు చెంచాల బదులు ఒకటి వేసుకుంటే రోజుకు 42 గ్రాములతో సరిపోతుంది. రెండో రోజు కాస్త నీరసంగా ఉన్నా, మూడో రోజుకి ఆకలి దానంతటదే నెమ్మదిస్తుంది.

దంతాల సంగతి వీళ్లు ఒక్క ముక్క చెప్పరు. రోజుకు ఆరుసార్లు నిమ్మరసం తగిలితే పంటి పైపొర మెత్తబడుతుంది. పుక్కిట పట్టి చప్పరించకుండా గుటకలుగా తాగెయ్యాలి, స్ట్రా ఉంటే ఇంకా మంచిది. తాగిన వెంటనే ఉత్త నీళ్లు పుక్కిలించాలి. అరగంట దాకా బ్రష్షు పెట్టకూడదు. ఆరింటికి గ్లాసు తాగించి, ఆరుంపావుకి వేపపుల్లలు చేతికిస్తారు. ఆ రెండింటి వరస మార్చినా చాలు.

రెండో రోజు మధ్యాహ్నం ఇంచుమించు అందరికీ తలనొప్పి. 'విషాలు బయటికి పోతున్నాయి' అంటారు నిర్వాహకులు. సగం మందిలో అది కాఫీ. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఇరవైనాలుగు గంటల్లోపే తల పట్టేస్తుంది, కొన్ని రోజులకు దానంతటదే పోతుంది. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచే రోజుకొక కప్పు తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు. ఫోను చేసి గది మాట్లాడుకున్నప్పుడే ఈ ఒక్క మాట చెబితే ఎంతమందికి రెండో రోజు బాగుపడేదో!

మిగతా సగం ఉప్పు. ఇక్కడే అసలు పేచీ. తిండి తగ్గి ఇన్సులిన్ దిగగానే మూత్రపిండాలు సోడియాన్ని వదిలేయడం మొదలుపెడతాయి. దాంతోపాటే నీళ్లూ పోతాయి. మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం చాలావరకు దీనివల్లే. ఈ శిబిరంలో ఉప్పు పేరెత్తితే విషమన్నంతగా చూస్తారు. హాల్లో గోడ మీద మాత్రం గాంధీగారి పటం ఉంటుంది. ఆయన 1924లో 21 రోజుల ఉపవాసానికి పూనుకుంటూ, నీళ్లు ఉప్పుతో గానీ ఉప్పు లేకుండా గానీ తాగే వెసులుబాటు ఉంచుకుంటున్నానని స్పష్టంగా రాసిపెట్టారు. 1921 ఏప్రిల్‌లో ఆయనే వచ్చి ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం ఇదే జిల్లాలో, ఇదే పెన్న ఒడ్డున ఉంది. ఇసకపల్లి ఉప్పుకొఠార్లూ ఇదే జిల్లాలోవి. ఇన్ని ఉండి కూడా గ్లాసులోకి చిటికెడు ఉప్పు రాదు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు రోజు మొత్తానికి అర టీస్పూను ఉప్పు రెండు మూడు గ్లాసుల్లోకి పంచుకుని వేసుకుంటే తల తిరగడం బాగా తగ్గుతుంది. ఇంటి నుంచి పొట్లం కట్టుకుని వెళ్లాల్సిందే.

రోజువారీ కార్యక్రమంలో మట్టిపట్టీకి పూర్తి మార్కులు. పుట్టమన్ను జల్లించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో మడిచి పొట్ట మీద ఇరవై నిమిషాలు వేస్తారు. చల్లగా, హాయిగా ఉంటుంది. అదేదో జబ్బు లాగేస్తుందని నమ్మాల్సిన పని లేదు. తొట్టి స్నానమూ అంతే. ఎనిమా మాత్రం ఐదు రోజులూ ఎందుకో అర్థం కాదు. మలబద్ధకం ఉన్నవాళ్లకు మొదటి రోజు 700 మి.లీ. గోరువెచ్చని నీళ్లతో ఒకసారి చేస్తే ఉపవాసం తేలికవుతుంది, నిజమే. మూడో రోజుకి పేగులో కడగడానికేమీ మిగలదు. అప్పుడు తెల్లగా తీగల్లా వచ్చేది పేగు గోడల జిగురు. దాన్ని చూపించి 'ఏళ్లనాటి మలినం' అని చెప్పడం సబబు కాదు. నాలుక మీద పేరుకునే తెల్లటి పాచి కథా ఇంతే. నమలడం ఆగిపోయి, లాలాజలం తగ్గితే ఎవరి నాలుకైనా అలాగే అవుతుంది. నోటి నుంచి వచ్చే పండిన పండులాంటి వాసన కొవ్వు కరిగినప్పుడు పుట్టే అసిటోన్‌ది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టడం మాత్రం మానుకోవాలి. అసలే ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గి, రక్తపోటు దిగి ఉన్న మనిషి. పది నిమిషాల ఆవిరికి చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని రక్తం అటు మళ్లుతుంది. పెట్టె తలుపు తీసి లేచి నిలబడేసరికి కళ్లముందు చీకట్లు. పడితే గచ్చునేల. పక్కన ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఉంటాడు కాబట్టి ఇంతవరకు బాగానే నెట్టుకొస్తున్నారు. రోహిణికార్తెలో నెల్లూరులో బయటే ఆవిరిపెట్టె, మళ్లీ లోపల ఇంకొకటి దేనికి? వద్దంటే బలవంతపెట్టరు. వద్దనండి.

కార్యాలయం బయట నల్లబల్ల మీద రోజూ ఎవరెవరు ఎంత తగ్గారో రాస్తారు. ఐదో రోజుకు మూడు, మూడున్నర కిలోలు రాసి ఉంటాయి, జనం పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అందులో కొవ్వెంతో చూద్దాం. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో అంతకు నాలుగు రెట్లు పిండి నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. తిండి తగ్గగానే ఆ నిల్వ కరిగి, దాని నీళ్లు, ఉప్పుతో పోయే నీళ్లు కలిపి మొదటి మూడు రోజుల్లోనే రెండు కిలోలు దిగిపోతుంది. పేగులు ఖాళీ అయిన బరువు అదనం. ఇక కొవ్వు. రోజుకు 1,900 కేలరీలు ఖర్చయ్యే మనిషికి 440 అందితే లోటు 1,460. ఐదు రోజులకు 7,300. కిలో కొవ్వు కరగాలంటే 7,700 దాకా కావాలి. అంటే ఐదు రోజుల కష్టానికి కిలో కొవ్వు కూడా పోదు, ఆ లోటులోనూ కొంత కండ నుంచి పోతుంది. ఇంటికెళ్లి వారం తిరిగేసరికి రెండు కిలోలు వెనక్కి వస్తే అది మీ తప్పు కాదు, నీళ్లు తమ చోటికి తాము వచ్చాయంతే. బల్ల మీద ఈ ముక్క కూడా రాస్తే బాగుండేది.

బరువు తగ్గడమే కావాలంటే ఇంత దూరం రానక్కర్లేదు కూడా. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఊబకాయమున్న 139 మంది మీద ఏడాది పాటు చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. తక్కువ కేలరీలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తిన్నవాళ్లకూ, అవే కేలరీలు రోజంతా తిన్నవాళ్లకూ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గంటలు లెక్కపెట్టుకోవడం కొందరికి తక్కువ తినడానికి సులువైన దారి, అంతవరకే. కరపత్రంలో 'ఆటోఫజీకి నోబెల్' అని పెద్దక్షరాల్లో వేశారు. ఆటోఫజీ అంటే కణం తనలోని పాడైన భాగాలను తానే అరగదీసుకుని మళ్లీ వాడుకోవడం. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి బహుమతి వచ్చింది ఈస్టు కణాల్లో ఆ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు. మామిడితోటలో ఐదు రోజులుంటే మీ ఒంట్లో అది ఎంత జరిగిందో కొలిచే పరికరం వీళ్ల దగ్గర లేదు.

ఇక ఫారం. ఒకే పేజీ. పేరు, వయసు, బరువు, 'ఏమైనా వ్యాధులు ఉన్నాయా' అన్న ఒక్క గీత. ఏ మాత్రలు వేసుకుంటారన్న ప్రశ్నే లేదు. ఉపవాసంలో జబ్బు వల్లే కాదు, మాత్రల వల్లా ప్రాణం మీదికి రావచ్చు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగరు మాత్రలు తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటాయి. అవి వేసుకుని ఉపవాసముంటే చక్కెర పడిపోతుంది. ఇన్సులిన్ సూదులు వేసుకునేవాళ్లు వేరే చెప్పాలా? మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం బాగా తక్కువ. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రల తీరే వేరు. ఈ మధ్య చౌకయ్యాక ఊరూరా రాస్తున్నారు. ఇవి వేసుకుంటూ తిండి మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. మోసమేమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో అంకె 150, 180 చూపించి అంతా బాగున్నట్టే ఉంటుంది. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనబడితే మీటరును నమ్మకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. వీటిని ఉపవాసానికి కనీసం మూడు రోజుల ముందే, రాసిన డాక్టరుతో మాట్లాడి ఆపాలి. నీళ్లు లాగేసే బీపీ మాత్రలకు ఉపవాసం తోడైతే రక్తపోటు మరీ కిందికి దిగుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లూ రోజూ ఇచ్చే ఆ బోండం విషయంలోనూ జాగ్రత్తపడాలి. అందులో పొటాషియం దండిగా ఉంటుంది, వీళ్ల ఒంట్లోంచి అది త్వరగా బయటికి పోదు.

గౌటు ఉన్నవాళ్లకు ఉపవాసంలో యూరిక్ ఆమ్లం పెరిగి బొటనవేలు వాచిపోవచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లూ దూరంగా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిది నిండనివాళ్లు, క్షయ ఉన్నవాళ్లు, ఎత్తుతో బరువును పోల్చి చూసే బీఎంఐ 18.5 కన్నా తక్కువున్నవాళ్లు, టైప్ 1 షుగరు ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసికంగా నలిగినవాళ్లు, వీళ్లెవరికీ ఈ పని పనికిరాదు. 'లంఖణం పరమౌషధం' అని గేటు మీద రాయించారు, సంతోషమే. జ్వరానికి మొదట లంఘనమే అన్న చరకుడు కూడా ఆ శ్లోకంలోనే మినహాయింపులు చెప్పాడు. క్షయం, వాతం, భయం, కోపం, కామం, శోకం, శ్రమ వల్ల వచ్చిన జ్వరానికి లంఘనం వద్దన్నాడు. రెండు వేల ఏళ్లనాటి ఫారం మన ఫారం కంటే పెద్దదన్నమాట.

గ్లూకోమీటరు ఉంది, వాడతారు కూడా. వాడే పద్ధతే సరిగా లేదు. తేనె గ్లాసు పట్టుకున్న వేలికే, స్పిరిటు దూదితో ఒక్క రాపిడి రుద్ది సూది గుచ్చుతారు. వేలికంటిన తేనె జిగురు ఏ కాస్త మిగిలినా అంకె ఎగిరిపోతుంది. అసలు చక్కెర 65 ఉన్న మనిషికి 160 చూపించవచ్చు. సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడిచి, అప్పుడు గుచ్చాలి. 70 కన్నా తక్కువొస్తే ఆలోచించడానికేమీ లేదు, ఉపవాసం అక్కడితో అయిపోయింది. మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. ఎక్కకపోతే మళ్లీ అంతే. ఇక్కడి కుర్రాళ్లకు దీన్ని 'హీలింగ్ క్రైసిస్', అంటే నయమయ్యే ముందు వచ్చే ఇబ్బంది, అని చెప్పి నేర్పారు, కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందంటారు. చెమటలు, చేతుల వణుకు, మాట తడబడటం, గుండె దడ, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పడం, ఇవేవీ ఆ ఖాతాలో వేయకూడనివి.

ఇప్పుడు ఆరో రోజు పొద్దున్నకు వద్దాం. ఎనిమిదింటికి గంట కొడతారు. ప్లేటులో పచ్చి మొలకలు గుప్పెడు, క్యారెట్టు తురుము, బొప్పాయి, కర్జూరాలు నాలుగు. పదకొండింటికి చపాతీలు, పాలకూర పప్పు, పెరుగు. పన్నెండున్నరకు సంచులు సర్దుకుని బస్సు. ఒంటిగంటకు సగం మంది నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఏదో మెస్సులో చేపల పులుసు ముందు కూర్చుని ఉంటారు. ఐదు రోజులు పడ్డ శ్రమ ఐదు గంటల్లో ఇలా తేలిపోతుంది.

ఏమవుతుందంటే, ఇన్నాళ్లూ నిదానంగా ఉన్న పొట్ట ఆమ్లాన్నీ, ఎంజైములనూ తగ్గించుకుని కూర్చుంది. పచ్చి మొలకల పీచు, పప్పు, నూనె ఒక్కసారి వచ్చిపడితే ఉబ్బరం, నొప్పి, విరేచనాలు. ఇది చిన్న ఇబ్బంది. పెద్దది రక్తంలో జరుగుతుంది. పిండిపదార్థం ఎక్కువగా పడగానే ఇన్సులిన్ ఎగసి, ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియంలను రక్తంలోంచి కణాల్లోకి లాగేస్తుంది. బీ1 విటమిను ఖర్చయిపోతుంది. ఉప్పు, నీళ్లు ఒంట్లో నిలిచి పాదాలు వాస్తాయి. ఫాస్ఫేటు మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. డాక్టర్లు దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి, రోజుకు 440 కేలరీలు తీసుకున్నాక, ఐదు రోజులకే ఇంతదాకా రావడం అరుదు. కానీ ఐదు రోజులకు పైగా సరైన తిండి లేకపోవడం అన్నది బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఈ ప్రమాదపు జాబితాలో ఉంది. సన్నగా ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు, ఇక్కడికి రాకముందే కొన్ని వారాలుగా సరిగా తినకుండా ఉన్నవాళ్లు అందులో ముందువరసలో ఉంటారు. ఇదే శిబిరం పది రోజుల ప్యాకేజీ కూడా నడుపుతుంది. దానికీ ఇదే మొలకల ప్లేటు!

మనవాళ్లకు ఇది తెలియని విద్యా? ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్లకు ద్వాదశి పారణ ఎంతసేపటిలోపు చెయ్యాలో పంచాంగంలో గడియలతో సహా రాసి ఉంటుంది. ఆ పూట విస్తట్లో అవిసె ఆకు, ఉసిరి ఉండాలని పట్టింపు ఉన్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే తమిళనాట రంజాన్ రోజా విడిచేటప్పుడు మసీదుల్లో పోసేది నోంబు గంజి. ఊళ్లో విషజ్వరం వచ్చి లంఖణాలు చేసిన మనిషికి పథ్యం పెట్టే రోజున పాత బియ్యం మెత్తటి అన్నం, బీరకాయ, మిరియాల చారు తప్ప ఇంకేదీ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆయుర్వేదంలో ఒంటిని లోపల శుభ్రం చేసే శోధన చికిత్స అయ్యాక పేయ, విలేపి, యూషం అని వరసగా పెంచుతారు. పల్చటి గంజి, చిక్కటి గంజి, తర్వాత పెసరకట్టు. ఇన్ని దారుల్లో వచ్చినా చివరికి గంజి దగ్గరే ఆగారు. పచ్చి మొలకల దగ్గరికి ఎవరూ పోలేదు.

ఐదు రోజుల ఉపవాసానికి కనీసం మూడు రోజుల పారణ కావాలి. మొదటి రోజు పొద్దున 50 గ్రాముల పాత బియ్యానికి 700 మి.లీ. నీళ్లు పోసి, సన్నటి సెగ మీద ముప్పై నలభై నిమిషాలు మెతుకు నలిగేదాకా ఉడికించి, వడకట్టాలి. కొత్త బియ్యం అయితే జిగురొచ్చి పొట్టలో బరువుగా కూర్చుంటుంది. పాత మొలగొలుకులు దొరికితే అంతకంటే ఏం కావాలి! చిటికెడు ఉప్పేసి 150 మి.లీ. పావుగంటసేపు చెంచాతో తాగాలి. పదకొండుకు గిద్దెడు పెరుగులో నాలుగు గిద్దెల నీళ్లు పోసి చిలికి, వెన్న తీసిన మజ్జిగ ఒక గ్లాసు. ఒంటిగంటకు అదే గంజి మెతుకులతో సహా, పక్కన ఉడికించిన బీరకాయో సొరకాయో 100 గ్రాములు, మిరియాలు, ఉప్పు. తాలింపు వద్దు. సాయంత్రం నాలుగు బొప్పాయి ముక్కలు. రాత్రి ఏడింటికి పెసరకట్టు ఒక గ్లాసు. ఆకలి వేస్తున్నా అక్కడితో ఆపాలి. మొదటి రోజు ఆకలి నిజమైందే గానీ, దాని కొలత నిజమైంది కాదు.

రెండో రోజు మెత్తటి అన్నం రెండు పూటలా గుప్పెడేసి, పెసరపప్పు, పొట్లకాయ, పల్చటి చారు. పొద్దున నెయ్యీ కారప్పొడీ లేకుండా రెండు ఇడ్లీలు. మూడో రోజు ఇంట్లో అందరూ తినేదే, సగం కొలతలో. ఊరగాయలు, గోంగూర, వేపుళ్లు నాలుగో రోజు తర్వాతే. కాఫీ కూడా అప్పుడే, అదీ ఏదో ఒకటి తిన్నాక. చేపల పులుసంటారా, చింతపండు, మామిడికాయ, పైన తేలే కారపు నూనె కలిసిన ఆ పులుసు మీద ఆశ చావదని తెలుసు. ఐదో రోజు తినండి, మొదటి పూట ముక్క తిని పులుసు కొంచెమే పోసుకోండి.

7,500 రూపాయలకు మూడు రోజుల ఉపవాసం, మూడు రోజుల పారణ పెట్టి ఉంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది. వంటింటి ఖర్చు కూడా పెద్దగా పెరగదు, గంజి ఎంత ఖరీదని? కాకపోతే గేటు మీద 'ఐదు రోజులు' అన్న అంకె మూడుకు దిగుతుంది. అక్కడే తటపటాయిస్తున్నట్టుంది.

బాగున్నవీ చెప్పాలి. తోట ప్రశాంతంగా ఉంటుంది. ఫోన్లు ఆఫీసులో పెట్టించుకుని సాయంత్రం అరగంటే ఇస్తారు. గదుల దగ్గరికి పోపు వాసన రాకుండా వంటిల్లు వెనకెక్కడో కట్టారు, ఉపవాసమున్నవాడికి దాని విలువ తెలుస్తుంది. రాత్రి పదింటికి, రెండింటికి ఒక మనిషి టార్చిలైటుతో గదిగదికీ వచ్చి పలకరించి పోతాడు. బాత్రూముల్లో పట్టుకోవడానికి కమ్ములు పెట్టారు. మందులు మానెయ్యమని ఎవరికీ వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఇది చిన్న విషయం కాదు. కౌంటరులో అమ్మే 'శుద్ధి చూర్ణం' మాత్రం కొనకండి. డబ్బా వెనక చదివితే మొదటి పేరు సునాముఖి. అది ఘాటైన విరేచనకారి. ఉపవాసంలోనో, పారణలోనో దాన్ని వేసుకుంటే అసలే తగ్గిన పొటాషియం ఇంకా తగ్గుతుంది. అక్కడి తేనె మంచిదే. చలికాలంలో గడ్డకట్టిందని కల్తీ అనుకోకండి, సీసా గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది.

వెళ్లదలచుకుంటే కార్తీకం నుంచి మాఘం దాకా వెళ్లండి. గది మాట్లాడుకునేటప్పుడే ఇంకో రెండు రాత్రులు ఉంటామని అడగండి. ఖాళీ ఉంటే రోజుకింతని తీసుకుని ఉండనిస్తారు. మాత్రల చీటీ ఫారానికి మీరే పిన్ను కొట్టి ఇవ్వండి. సంచిలో ఉప్పు పొట్లం, అరకిలో పాత బియ్యం, పావుకిలో పెసరపప్పు పెట్టుకోండి. ఆరో రోజు పొద్దున గంట కొట్టినప్పుడు హాల్లోకి పోకుండా వెనక వంటింటికి వెళ్లండి. అక్కడి వంటాయన అందరికీ మొలకలు కట్టి, తనకు మాత్రం పొద్దున్నే ఒక చెంబుడు గంజి కాచుకుంటాడు. బియ్యం చేతికిస్తే మీకూ కాచిపెడతాడు.